చక్రాల కుర్చీలో వైద్యురాలు – మేరీ వర్గీస్

పాఠ్యభాగ ఉద్దేశం

శరీరానికి కలిగిన లోపం మనిషి బుద్ధికి, సేవాశక్తికి అడ్డుగోడ కాదని తెలియజేయడం. వైద్య పునరావాస పరిశోధనలో వికలాంగులు కేవలం పరీక్షకు గురయ్యేవారు కాక భాగస్వాములు కావలసిన అవసరాన్ని ఒక మహావైద్యురాలి జీవితం ద్వారా వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

అనంతపురం జిల్లా పడమటి అంచున, వేదవతీ నదికి చేరువలో కణేకల్ ఉంది. ఆ నదిని అక్కడివారు హగరి అంటారు. ఒకవైపు నల్లరేగడి భూములు, మరొకవైపు గాలికి ఎగిరివచ్చి పొలాలను కప్పివేసే హగరి ఇసుక. తుంగభద్ర ఎగువ కాలువ నీరు అందినచోట వరి పండుతుంది. అందనిచోట వేరుశనగ రైతు ఆకాశంవైపు చూస్తాడు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల సగటు వర్షమైనా సకాలంలో కురవని ఆ జిల్లాలో బ్రతుకు కాయకష్టం మీదనే నడుస్తుంది. బావి త్రవ్వుతుండగా మట్టిపెళ్ల విరిగిపడినా, చింతచెట్టు మీదనుంచి జారిపడినా, ట్రాక్టరు బోల్తాపడినా, వెన్నెముక దెబ్బతిన్న మనిషి జీవితం క్షణంలో తలక్రిందులవుతుంది.

వైద్యం అందితే ప్రాణం దక్కవచ్చు. కాని ఆసుపత్రి నునుపు నేలమీద తేలికగా కదిలిన చక్రాల కుర్చీ వాన కురిసిన రేగడిలో కదలదు, ఇసుకలో కూరుకుపోతుంది, ఎత్తయిన గడపను దాటలేదు. ఈ సంగతి ఆ కుర్చీని రూపొందించిన ఇంజనీరుకంటె, దానిని సూచించిన వైద్యునికంటె, అందులో కూర్చున్న మనిషికే బాగా తెలుసు. కనుక వికలాంగుల పునరావాసానికి సంబంధించిన ఏ పరిశోధనలోనైనా ఆ మనిషికి స్థానం ఉండాలి. ఈ సత్యాన్ని చెప్పినవారు అనేకులున్నారు. దానిని తన శరీరంతో అనుభవించి, తన వృత్తితో ఆచరించి చూపిన వైద్యురాలు మేరీ వర్గీస్.

ఆమె తెలుగునాట పుట్టలేదు. కాని ఆమె కర్మభూమి అయిన వేలూరు తెలుగువారికి పరాయి ఊరు కాదు. చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న ఆ పట్టణంలోని క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి రాయలసీమ ప్రజలకు తరతరాలుగా పెద్ద దిక్కు. అక్కడి వరండాలలో తమిళంతో పాటు తెలుగు కూడా నిత్యం వినిపిస్తుంది.

మేరీ వర్గీస్ 1925 మే 26న కేరళలోని కొచ్చి సమీపాన గల చెరాయి గ్రామంలో జన్మించింది. ఆమెది సంపన్న కుటుంబం. తండ్రి భూస్వామి; ఊరిలో గౌరవం గలవాడు. ఎర్నాకుళంలోని మహారాజా కళాశాలలో చదివిన మేరీ వైద్యవిద్య కోసం వేలూరు చేరింది. ఇడా స్కడర్ అనే అమెరికన్ వైద్యురాలు 1900లో ఒక చిన్న వైద్యశాలగా ప్రారంభించి, 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాలగా పెంచిన సంస్థ అది. పురుష వైద్యులు తాకడానికి అంగీకరించని కుటుంబాలలో ప్రసవ సమయాన ప్రాణాలు కోల్పోతున్న స్త్రీల దైన్యమే ఆ సంస్థ పుట్టుకకు కారణం. అటువంటి విద్యాలయంలో చదివిన మేరీ కూడా స్త్రీల వైద్యంలో నిపుణురాలు కావాలని ఆశించింది.

ఆ ఆశ 1954లో ఛిన్నాభిన్నమైంది. సహచరులైన యువవైద్యులతో కలిసి ఆమె ప్రయాణిస్తున్న వాహనం ప్రమాదానికి గురై బోల్తాపడింది. ఆమె ముఖానికి తీవ్రమైన గాయాలయ్యాయి. అంతకంటె ఘోరమైనది వెన్నుపాముకు తగిలిన దెబ్బ. నడుము క్రింది భాగం చచ్చుబడింది. ఆమె మరల నడవలేదు. అప్పటికామె వయస్సు ముప్పయి సంవత్సరాలైనా నిండలేదు.

వెన్నుపాము దెబ్బతినడమంటే కాళ్ల కదలిక పోవడం మాత్రమే కాదు. స్పర్శజ్ఞానం నశిస్తుంది. మలమూత్రాలపై అదుపు తప్పుతుంది. ఒకే భంగిమలో చాలాసేపు ఉండిపోతే ఒత్తిడికి చర్మం చితికి పుండ్లు పడతాయి. ఆ నొప్పి మాత్రం తెలియదు. మూత్రపిండాలకు వ్యాధి సోకుతుంది. రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వం ఇటువంటివారిలో చాలామంది పుండ్లవల్ల, మూత్రకోశ వ్యాధులవల్ల మరణించేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అనే వైద్యుడు ఈ నిరాశను ఛేదించాడు. ప్రతి రెండు గంటలకు రోగిని ఒకవైపునుండి మరొకవైపునకు త్రిప్పి పడుకోబెట్టడం, మూత్రకోశాన్ని కాపాడడం, ఆటలతో దేహానికి, మనస్సుకు బలం చేకూర్చడం ఆయన పద్ధతి. చక్రాల కుర్చీలలోని క్రీడాకారుల కోసం 1948లో ఆయన మొదలుపెట్టిన పోటీలే నేటి పారాలింపిక్ క్రీడలకు మూలం. మేరీకి ప్రమాదం జరిగిననాటికి ఈ జ్ఞానం మనదేశంలో ఇంకా వ్యాపించలేదు. వెన్ను విరిగినవారిని కుటుంబాలు ఇంటి మూలన పడకకు అప్పగించి, విధిని నిందిస్తూ ఉండేవి.

మేరీ నెలల తరబడి మంచానికే అంకితమైంది. పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగాయి. నిన్నటిదాకా రోగులను పరీక్షించిన వైద్యురాలు నేడు ప్రతి చిన్న పనికీ ఒకరి సాయం కోసం ఎదురుచూడవలసివచ్చింది. చదివిన చదువు వ్యర్థమైనట్లే తోచింది. అటువంటి స్థితిలో ఆమెకు దారి చూపినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. కుష్ఠువ్యాధితో వంకరలు తిరిగిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేయడంలో ఆయన అందెవేసిన చేయి. చేతి శస్త్రచికిత్స చేసే వైద్యుడు కూర్చునే పనిచేస్తాడు. ఆ పనికి కావలసినవి నేర్పుగల రెండు చేతులు, స్థిరమైన చూపు, ఓర్పు. ఈ మూడూ మేరీకి ఉన్నాయి. కాళ్లు లేకపోవడం ఆ గదిలో లోపమే కాదు.

మేరీ అడుగుపెట్టిన ఆ పరిశోధనారంగాన్ని కొంత వివరంగా తెలుసుకోవాలి. కుష్ఠువ్యాధి వలన మాంసం కుళ్లి వ్రేళ్లు రాలిపోతాయని లోకం తరతరాలుగా నమ్మింది. వైద్యులు సైతం అదే నమ్మారు. 1946లో వేలూరు వచ్చిన పాల్ బ్రాండ్ రోగుల చేతులను శ్రద్ధగా పరీక్షించి, వారి కండరాలలో బలం మిగిలి ఉన్నదని గ్రహించాడు. పనిచేసే కండరాల స్నాయువులను చచ్చుబడిన కండరాల స్థానంలో కలిపి, ముడుచుకుపోయిన వ్రేళ్లను తెరవగలిగాడు. శస్త్రచికిత్స విజయవంతమైంది. అయితే చేతులు బాగుపడి ఇళ్లకు వెళ్లినవారిలో కొందరు దిగులుతో తిరిగివచ్చారు. వంకర చేతులున్నప్పుడు భిక్ష దొరికేది. చేతులు సరియైన తరువాత భిక్షా లేదు, వారి వ్యాధికి భయపడి పని ఇచ్చేవారూ లేరు. శస్త్రచికిత్స విజయాన్ని వైద్యుడు వ్రేళ్ల కదలికతో కొలిచాడు. రోగి దానిని కడుపు నిండడంతో కొలిచాడు. ఈ ఫిర్యాదునుండే 1950ల తొలినాళ్లలో వేలూరు కళాశాల ఆవరణలో నవజీవన కేంద్రం పుట్టింది. కుష్ఠువ్యాధి బారినపడిన యువకులు అక్కడ కలిసి నివసిస్తూ వడ్రంగం మొదలైన చేతిపనులు నేర్చుకొన్నారు.

ఆ కేంద్రమే గొప్ప పరిశోధనాలయంగా మారింది. అక్కడి యువకులు తమ చేతులను, పాదాలను ప్రతిదినం తామే పరీక్షించుకొనేవారు. ఏ చిన్న గాయం కనబడినా అది ఎప్పుడు, ఎట్లా కలిగిందో బ్రాండ్‌తో కలిసి వెదికేవారు. ఒకరికి వేడి లోటా పట్టుకొనడంవల్ల బొబ్బ లేచింది. మరొకరికి సుత్తి పిడిని అవసరానికి మించి బిగించి పట్టుకొనడంవల్ల చర్మం చితికింది. కొందరికి రాత్రివేళ ఏ కారణమూ లేకుండా వ్రేళ్ల తుదలు మాయమయ్యేవి. మేలుకొని కాపలా కాయగా, నిద్రపోతున్నవారి స్పర్శలేని వ్రేళ్లను ఎలుకలు కొరుకుతున్నట్లు తెలిసింది. అంతటితో ఆ యువకులకు పిల్లిని పెంచుకొనడం కూడా వైద్యంలో భాగమైంది. వ్రేళ్లను పోగొట్టింది కుళ్లు కాదు. నొప్పి తెలియకపోవడం వలన కలిగిన గాయాలు. పనిముట్ల పిళ్లు మారాయి; పాదరక్షలు మారాయి. యుగాల నమ్మకాన్ని కూలద్రోసిన ఈ నిర్ణయానికి సాక్ష్యాన్ని సమకూర్చినవారు సమాజం వెలివేసిన ఆ రోగులే. వారి సహకారం లేనిదే, ఎంతటి వైద్యుడైనా రాత్రివేళ గుడిసెలో జరిగేదానిని కనుగొనలేడు.

ఇటువంటి వాతావరణంలో మేరీ చేతి శస్త్రచికిత్సను అభ్యసించింది. చక్రాల కుర్చీలో వచ్చి, శస్త్రచికిత్స బల్ల ముందు కూర్చుని, ముడుచుకుపోయిన వ్రేళ్లను ఒక్కొక్కటిగా తెరిచింది. తమకంటె ఎక్కువ అంగవైకల్యం గల వ్యక్తి తమకు చికిత్స చేస్తుండడం రోగులను ఆశ్చర్యపరచింది. ఆమె కుర్చీ వారికి మందుల సీసాలకు మించిన ధైర్యాన్నిచ్చింది. రోగికీ వైద్యునికీ నడుమ సహజంగా ఉండే ఎత్తుపల్లాలు అక్కడ సమమైపోయాయి. నిలబడి మాట్లాడే వైద్యుని ముఖాన్ని తల యెత్తి చూడవలసిన రోగులకు, తమ కన్నులతో సమానమైన ఎత్తునుండి పలికే వైద్యురాలు లభించింది.

అయినా ఆమె అంతటితో తృప్తిపడలేదు. తన శరీరాన్ని తాను మోసుకొనగలిగే విద్య ఇంకా నేర్వవలసి ఉంది. అందుకోసం ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు పునరావాస ఆసుపత్రిలో చేరింది. అక్కడ ఆమె వైద్యురాలు కాదు, రోగి. మంచంమీదనుంచి కుర్చీలోకి మారడం, భుజబలంతో దేహాన్ని ఎత్తుకొనడం, ఇతరులపై ఆధారపడకుండా దినచర్య గడుపుకొనడం అభ్యసించింది. తన దేశంలో తనవంటివారికి అందని విద్య ఏదో ఆమెకు స్పష్టంగా తెలిసివచ్చింది. తరువాత అమెరికా వెళ్లి, న్యూయార్కులో డాక్టర్ హోవర్డ్ రస్క్ నెలకొల్పిన సంస్థలో భౌతిక వైద్యం, పునరావాసం అనే నూతన శాస్త్రాన్ని అధ్యయనం చేసింది. యుద్ధంలో గాయపడిన సైనికులకు చికిత్స చేసిన అనుభవంనుండి రస్క్ ఆ శాస్త్రానికి రూపు దిద్దాడు. ప్రాణాన్ని నిలిపినంత మాత్రాన వైద్యుని పని ముగియదనీ, ఆ ప్రాణం బ్రతుకుగా మారేవరకు సాగాలనీ ఆ శాస్త్రం బోధిస్తుంది.

చక్రాల కుర్చీలో ఉన్న ఒక భారతీయ యువతి రెండు ఖండాలు తిరిగి ఉన్నతవిద్య పొందడం ఆ దినాలలో సామాన్య విషయం కాదు. మెట్లు లేని భవనాలు, ఎత్తు తక్కువ గల బల్లలు, కుర్చీ పట్టగల తలుపులు ఉన్నచోట తాను వికలాంగురాలు కాకపోవడమూ, అవి లేనిచోట మరల వికలాంగురాలు కావడమూ ఆమె అనుభవించిన సత్యం. వైకల్యంలో కొంత దేహంలో ఉంటుంది. మిగిలినది గోడలలోను, మెట్లలోను, మనుషుల మనస్సులలోను ఉంటుంది. దేహాన్ని సరిదిద్దడం ఒక్కటే చాలదన్న గ్రహింపు పునరావాస శాస్త్రానికి పునాది.

స్వదేశానికి తిరిగివచ్చి, 1963లో ఆమె వేలూరులో భౌతిక వైద్య పునరావాస విభాగానికి అధిపతి అయింది. 1966లో పట్టణానికి వెలుపల, బాగాయంలో పునరావాస సంస్థ ప్రారంభమైంది. రోగులు అక్కడే నివసిస్తూ శిక్షణ పొందే ఇటువంటి సంస్థలలో మనదేశంలో ఇది మొట్టమొదటిదిగా పేరుపొందింది. వెన్నుపాము దెబ్బతిన్నవారు, అవయవాలు కోల్పోయినవారు, మెదడుకు గాయమైనవారు అక్కడికి వచ్చారు. వ్యాయామ చికిత్స, కృత్రిమ అవయవాల తయారీ, వృత్తిశిక్షణ అన్నీ ఒకేచోట సమకూడాయి. రోగిని ఇంటికి పంపడం ఆ సంస్థలో ముగింపు కాదు, లక్ష్యం. అందువల్ల అతని ఇల్లు, ఊరు, పొలం, కులవృత్తి అన్నీ వైద్యునికి తెలియవలసిన విషయాలయ్యాయి.

వెన్నుపాము దెబ్బతిన్న రోగి చక్రాల కుర్చీలో ఉన్న వైద్యురాలిని చూసినప్పుడు అతనికి కలిగే నమ్మకం వేరు. పుండు పడకుండా కొద్దికొద్ది సేపటికొకసారి చేతులమీద ఆని దేహాన్ని పైకెత్తుకోవాలని ఆమె చెప్పినప్పుడు, అది పుస్తకంలోని మాట కాదు. ఆమె తన ప్రాణాన్ని కాపాడుకుంటున్న విధానం. వైద్యునికి ప్రశ్నలు, రోగికి జవాబులు అన్న పాత కట్టుబాటు అక్కడ సడలింది. ఏ బాధ ముందు తీరాలో, ఏ సాధనం పనికిరాదో రోగి చెప్పవచ్చు. ఆ మాటలోని సత్యాన్ని ఆమె తన శరీరంతో సరిచూసుకొనగలదు.

భారత ప్రభుత్వం 1972లో ఆమెను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. అరువది సంవత్సరాలు దాటిన వయస్సులో, 1986లో ఆమె కన్నుమూసింది. ప్రమాదం తరువాత ముప్పయి రెండు సంవత్సరాలు ఆమె చక్రాల కుర్చీలోనే జీవించింది. వెన్ను విరిగితే ఆయువు తీరినట్లేనని తలచిన దేశంలో ఆ ముప్పయి రెండేళ్లే ఆమె వైద్యానికి గొప్ప నిదర్శనం. తరువాతి కాలంలో బాగాయంలోని ఆ సంస్థకు ఆమె పేరే పెట్టారు. చికిత్స పొంది వెళ్లినవారు మరల కలుసుకొనే వార్షిక మేళా కూడా ఆ సంస్థ సంప్రదాయమైంది. ఆంధ్ర, తమిళ ప్రాంతాలనుండి, మరెన్నో చోట్లనుండి చక్రాల కుర్చీలలో వచ్చినవారు అక్కడ ఆరోగ్య పరీక్షలు చేయించుకొంటారు, ఆటలాడుతారు, ఊరిలో తాము కనిపెట్టిన ఉపాయాలను ఒకరికొకరు చెప్పుకొంటారు. ఇంటికి వెళ్లిన రోగి ఏమయ్యాడన్న ప్రశ్నకు ఆసుపత్రి కాగితాలలో దొరకని సమాధానం ఆ మేళాలో దొరుకుతుంది.

మేరీ నడిచిన బాటనే తరువాత లోకం గుర్తించింది. 1960ల చివర జైపూరులో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ, చదువు అంతగా లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి రూపొందించిన జైపూరు కాలు ఇందుకు చక్కని ఉదాహరణ. విదేశీ నమూనా కృత్రిమ పాదాలకు బూటు తప్పనిసరి. వాటితో నేలమీద బాసిపట్లు వేసుకొని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, బురద పొలంలో దిగడం సాధ్యం కాదు. అందుకే పేదరైతులు వాటిని విడిచిపెట్టారు. వారి తిరస్కారాన్ని మూర్ఖత్వంగా కాక పాఠంగా స్వీకరించినందువల్లనే రబ్బరుతో చేసిన క్రొత్త పాదం పుట్టింది.

2004లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం మరొక ఉదాహరణ. వెన్నుపాము గాయాలతో జీవిస్తున్న 681 మందిని, తమకు ఏ శక్తి తిరిగివస్తే బ్రతుకు మెరుగవుతుందని అందులో అడిగారు. నడకనే అందరూ కోరుతారని లోకం భావిస్తుంది. కాని మెడవద్ద దెబ్బతిని కాళ్లుచేతులు రెండూ చచ్చుబడినవారిలో దాదాపు సగంమంది చేతుల కదలికనే మొదట కోరుకున్నారు. తమంతట తాము అన్నం తినడం, ముఖం కడుగుకొనడం వారికి నడకకంటె ముఖ్యం. ఆ అధ్యయనం జరిపిన శాస్త్రవేత్త స్వయంగా వెన్నుపాము గాయంతో జీవిస్తున్న వ్యక్తి కావడం గమనింపదగినది. ప్రశ్న వేసేవారు మారితే జవాబు కూడా మారుతుంది.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం 2007లో దానిని ధ్రువీకరించింది. తమకు సంబంధించిన నిర్ణయాలలో వికలాంగులు పాల్గొనాలన్నది ఆ ఒడంబడిక సారాంశం. దానికి అనుగుణంగా 2016లో మనదేశంలో క్రొత్త చట్టం వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాలు కూడా, పరిశోధన ప్రభావం పడే ప్రజాసమూహాలను అందులో కలుపుకొనిపోవాలని నిర్దేశించాయి. చట్టాలు వ్రాయకమునుపే ఒక స్త్రీ చక్రాల కుర్చీలో కూర్చుని చేసిన పని ఇదే.

అనంతపురం జిల్లాకు కూడా ఈ మార్గం కొత్తది కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ కణేకల్‌లో ఆసుపత్రిని నెలకొల్పింది. జిల్లాలోని గ్రామాలలో వికలాంగుల సంఘాలను ఏర్పరచింది. ఇంటి మూలన ఒంటరిగా ఉన్న మనిషి సంఘంలో చేరినప్పుడు అతని బాధ ఒక మాటగా మారుతుంది. పదిమంది మాటలు కలిసినప్పుడు అది పరిశోధకుడు వినవలసిన జ్ఞానమవుతుంది. హగరి ఇసుకలో నడిచే కుర్చీకి ఎంత వెడల్పు చక్రం కావాలో, రేగడి చేలలో దిగే కృత్రిమ పాదానికి ఎటువంటి పట్టు కావాలో, మండువేసవిలో చెమట పట్టిన చర్మానికి ఏ తోలుపట్టీ ఒరుసుకుంటుందో ఆ సంఘంలో కూర్చుని అడిగితే తెలుస్తుంది. అడగకుండా తయారుచేసినవి అటకెక్కుతాయి.

మేరీ వర్గీస్ తన కాళ్లను కోల్పోయింది. ఆ నష్టాన్ని ఆమె జ్ఞానంగా మార్చుకొంది. ఆ జ్ఞానం తన ఒక్కతె సొత్తు కాదనీ, నష్టపోయిన ప్రతి మనిషి వద్దా ఉంటుందనీ ఆమె జీవితం చెబుతుంది. దానిని వినగలిగినప్పుడే వైద్యం సంపూర్ణమవుతుంది.

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. మేరీ వర్గీస్ తన వైకల్యాన్ని సేవామార్గంగా మలచుకొన్న తీరును వివరించండి.
2. పునరావాస పరిశోధనలో వికలాంగుల భాగస్వామ్యం ఎందుకు అవసరమో పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. నవజీవన కేంద్రంలోని యువకులు కుష్ఠువ్యాధి పరిశోధనకు ఎట్లా తోడ్పడ్డారు?
2. విదేశీ నమూనా కృత్రిమ పాదాలను మన రైతులు ఎందుకు విడిచిపెట్టారు?
3. కణేకల్ ప్రాంతంలో చక్రాల కుర్చీ వాడకానికి గల అడ్డంకులు ఏవి? మీ ఊరిలో అటువంటివి ఏమున్నాయో పరిశీలించి వ్రాయండి.